కొండ మీద కోట... చుట్టూ మామిడి తోట

ఇటలీలో కొండ మీది పాత ఊరు చూడ్డానికి వెళ్లినవాళ్లు ఆ ఊరి పేరున్న వైన్ సీసాతో తిరిగొస్తారు. మరి చంద్రగిరి చూడ్డానికి వెళ్లినవాళ్లు? నాలుగు ఫొటోలతో! కోట ఉంది, కథ ఉంది, చుట్టూ తీయటి పంట ఉంది. లేనిదల్లా ఒక్కటే... కోటకూ తోటకూ చుట్టరికం.

తిరుమలలో దర్శనమైంది. తిరుచానూరు అమ్మవారినీ చూసుకున్నారు. ఇక మిగిలింది కాణిపాకం వినాయకుడు. తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కి, కిటికీ పక్క సీటు పట్టుకుని, లడ్డూల సంచీ ఒళ్లో పెట్టుకుని ఓ కునుకు తీద్దామనుకునే లోపే ఓ రాతికొండ కనిపిస్తుంది. కొండ మీదకి పాకినట్టు పాత గోడ. కింద ఎక్కడో చెట్ల మధ్య గోపురాల్లాంటి శిఖరాలు.

''ఇదేం ఊరు స్వామీ?''

''చంద్రగిరి.''

''ఓహో!''

అంతే. బస్సు కదిలిపోతుంది. ఇంకాస్త ముందుకెళ్తే రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు మొదలవుతాయి. వాటినీ కిటికీలోంచే చూసి, కాణిపాకం ఎప్పుడొస్తుందా అనుకుంటూ కళ్లు మూసుకుంటారు. తిరుమలకు రోజూ అరవై డెబ్భై వేల మంది వస్తారు. వాళ్లలో ఎక్కువమందికి చంద్రగిరితో పరిచయం ఈ రెండు నిమిషాలే!

ఒకప్పుడు దక్షిణ భారతాన్ని ఏలిన రాజులు కొలువుదీరిన ఊరది. దేశంలోనే పేరున్న మామిడి సీమ ఇది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కానీ ఒకరి గడప ఒకరు తొక్కరు.

అక్కడ ద్రాక్ష... ఇక్కడ మామిడి

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో శాన్ జిమిన్యానో అని ఓ చిన్న ఊరుంది. కొండ మీద ఉంటుంది. చుట్టూ రాతి గోడ. మధ్యయుగాల్లో అక్కడి సంపన్న కుటుంబాలు పోటీలుపడి ఎత్తైన బురుజులు కట్టించాయి. 1348లో ప్లేగు వచ్చింది. ఊరు చితికిపోయింది. ఆ తర్వాత పెద్ద ఊరైన ఫ్లోరెన్స్ చేతికి చిక్కింది. కొత్తగా కట్టుకునే స్తోమత లేక పాతవే మిగిలిపోయాయి. ఆ పేదరికమే తర్వాతి తరాలకు వరమైంది. పద్నాలుగు దాకా బురుజులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. 1990లో యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంతకీ అసలు సంగతి ఊరి కింద ఉంది. కొండ వాలంతా ద్రాక్ష తోటలే. అక్కడ పండే వెర్నాచా అనే తెల్లద్రాక్షతో చేసే వైన్‌కు ఆ ఊరి పేరే పెట్టారు. వైన్‌లకు ఊరి పేరుతో చట్టబద్ధమైన గుర్తింపు ఇవ్వడం ఇటలీలో 1966లో మొదలైతే, మొట్టమొదట దాన్ని దక్కించుకుంది ఇదే. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు సీసా కొంటారు. ఎక్కడో సీసా కొన్నవాళ్లు దాని మీది పేరు చదివి ఊరు చూడాలనుకుంటారు. రాయి పంటను అమ్మిపెడుతుంది, పంట రాయిని నిలబెడుతుంది.

ఇప్పుడు చంద్రగిరి వద్దాం. కొండ ఉంది. కోట ఉంది. పడిపోయిన రాజ్యం కథ ఉంది. ద్రాక్ష లేదు కానీ అంతకంటే తీయటి మామిడి ఉంది. ఏం తక్కువ?

రాజధాని తరలి వచ్చింది!

స్వర్ణముఖి నది కుడి గట్టున ఉందీ ఊరు. వెయ్యేళ్ల కిందట ఇమ్మడి నరసింగ యాదవరాయలు ఈ కోటకు పునాది వేశాడని స్థానిక చరిత్ర చెబుతుంది. విజయనగర రాజుల కాలానికి అది పెద్ద దుర్గమైంది. ఇక్కడి నుంచి ఏలిన సాళువ నరసింహుడే 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. అంటే ఓ సామ్రాజ్యాధిపతిని తయారుచేసి పంపిన కోట ఇది.

శ్రీకృష్ణదేవరాయలి తమ్ముడు అచ్యుతదేవరాయలు గడిపిందీ ఇక్కడే. చుట్టంగా కాదు... బందీగా! రాజ్యం కోసం పోటీ రాకుండా అన్నగారు అతణ్ని ఈ కోటలో ఉంచారు. 1529లో రాయలు కన్నుమూశాక ఆ బందీయే చక్రవర్తి అయ్యాడు.

1565లో తళ్లికోట యుద్ధం జరిగింది. అళియ రామరాయల తల తెగింది. హంపీ బూడిదైంది. మిగిలినవాళ్లు పెనుకొండకు తరలివెళ్లారు. ఆ తర్వాత వెంకటపతి రాయల కాలంలో రాజధాని చంద్రగిరికి వచ్చింది. దాదాపు 1586 నుంచి 1614 దాకా పాలించిన ఈ రాయలు, కూలిపోతున్న రాజ్యాన్ని మళ్లీ నిలబెట్టడానికి చివరిసారి గట్టిగా ప్రయత్నించిన రాజు. 1598 ప్రాంతంలో క్రైస్తవ మత ప్రచారకులైన జెసూట్ పాదరీలు ఆయన్ని వెతుక్కుంటూ చంద్రగిరికే వచ్చారు. తర్వాత్తర్వాత కొలువు వేలూరుకు మారినా చంద్రగిరి పేరు పోలేదు.

ఇప్పుడు లక్షల మంది తెలుగువాళ్లు ఉంటున్న చెన్నపట్నానికీ చంద్రగిరితో ముడి ఉంది. 1639లో సముద్రపు ఒడ్డున ఇంత చోటు కావాలని ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ అడిగితే పట్టా రాసిచ్చింది దామర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన విజయనగర వంశపు రాజుకు సామంతుడు. ఆ చోటులో లేచిందే సెయింట్ జార్జి కోట. 1645లో శ్రీరంగరాయలు కంపెనీకి ఆ హక్కును ఖాయం చేశాడు. మరుసటేడే, 1646లో, చంద్రగిరి గోల్కొండ సేనల వశమైంది. ఇచ్చిన కోట మహానగరమైంది. ఇచ్చినవాళ్ల కోట చిన్నబోయింది.

ఆ తర్వాత ఆర్కాటు నవాబులు, మైసూరు హైదరాలీ... చేతులు మారుతూ పోయింది. చివరికి ఎవరికీ అక్కర్లేనిదైంది.

కర్ర ముక్క లేని మేడ

కోట ద్వారం దాటి లోపలికెళ్తే ఎండ కూడా కాస్త తగ్గినట్టుంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన పెద్ద పెద్ద బండరాళ్ల గోడ. బయట కందకం ఆనవాళ్లు. లోపల పచ్చిక, చెట్లు. ఎదురుగా రాజమహల్.

మూడంతస్తుల మేడ అది. తోరణాల వరసలు చూస్తే సుల్తానుల కట్టడమా అనిపిస్తుంది. తలెత్తి పైన శిఖరాలు చూస్తే గుడి విమానాలు గుర్తొస్తాయి. రెండు పద్ధతులూ కలిపి కట్టారు. రాయి, ఇటుక, సున్నం... వాడింది ఈ మూడే. ఇంత పెద్ద మేడకు కర్ర వాడలేదు. అంతస్తుల బరువంతా తోరణాలే మోస్తున్నాయి.

ఈ మేడ విలువ తెలియాలంటే ఓసారి హంపీ గుర్తుచేసుకోవాలి. అక్కడ గుళ్లు మిగిలాయి కానీ, రాజులు నివసించిన ప్రాసాదాలకు చాలావరకు పునాది అరుగులే మిగిలాయి. పైన కట్టిన కర్రపని అంతా కాలిపోయింది. విజయనగర రాజుల నివాసం ఎలా ఉండేదో పైకప్పు దాకా చూడాలంటే చంద్రగిరి లాంటి చోట్లు చాలా తక్కువ.

లోపల పురావస్తు శాఖ వారి మ్యూజియం ఉంది. చుట్టుపక్కల దొరికినవే కాకుండా గుడిమల్లం, గండికోట, యాగంటి లాంటి చోట్ల నుంచి వచ్చిన శిల్పాలూ చూడొచ్చు. మధ్యలో దర్బారు హాలు రెండంతస్తుల ఎత్తున లేస్తుంది. ఏ పిల్లాడో అక్కడ నిలబడి ''ఓయ్'' అని అరవకుండా ఉండడు!

పక్కనే రాణీమహల్. రెండంతస్తులది. పేరుకు రాణీమహల్ అయినా అది సేనాధిపతి ఉండే చోటై ఉండొచ్చన్న వాదన కూడా ఉంది. చుట్టూ పాడుపడిన గుళ్లు. శివుడివీ ఉన్నాయి, విష్ణువువీ ఉన్నాయి.

ఇక కొండ. దాదాపు 183 మీటర్ల ఎత్తు... అరవై అంతస్తుల మేడంత. కిందికోట రాజుల నివాసానికైతే, పైకోట ఆపదలో తలదాచుకోవడానికి, శత్రువు జాడ కనిపెట్టడానికి. తిరుమల మెట్లదారిలా ఇక్కడ నీడా ఉండదు, మంచినీళ్ల కుళాయిలూ ఉండవు. రాళ్లు, ముళ్లపొదలు. తెలిసిన తోడూ, అనుమతీ లేకుండా ఎక్కడం మంచిది కాదు. కింద నుంచి చూసినా తెలుస్తుంది, ఈ కొండను ఎందుకు ఎంచుకున్నారో. దాని మీద నిలబడ్డవాడికి స్వర్ణముఖి లోయ అరచేతిలో గీతలా కనబడుతుంది.

గంట మోగితేనే భోజనం

చంద్రగిరి వాళ్లను ఎవరిని కదిలించినా ఓ కథ చెబుతారు. తిరుమలలో స్వామికి నైవేద్యం అయ్యేదాకా ఇక్కడి రాయలు అన్నం ముట్టేవాడు కాదట. మరి కొండ మీద నైవేద్యం అయిందని కొండ కింద ఎలా తెలుస్తుంది? అందుకే దారి పొడవునా గంటా మంటపాలు కట్టించారట. గుళ్లో గంట మోగగానే మొదటి మంటపంలో గంట కొడతారు. అది విని రెండో మంటపంలో... అలా కొండలు దాటుకుంటూ కబురు చంద్రగిరికి చేరేది. అప్పుడు రాజు విస్తరి ముందు కూర్చునేవాడు.

కథ ఎంత నిజమో పక్కన పెడితే, రెండు ఊళ్ల మధ్య బంధం మాత్రం నిజం. శ్రీనివాస మంగాపురం దగ్గర మొదలయ్యే శ్రీవారి మెట్టు చంద్రగిరికి దగ్గరి దారి. అలిపిరి దారి కంటే పొట్టిది. రెండువేల నాలుగొందల దాకా మెట్లు. రాజులు కొండెక్కింది ఈ దారినే అని చెప్పుకుంటారు. సాళువ నరసింహుడి దగ్గర్నుంచి ఎంతోమంది పాలకులు తిరుమల ఆలయానికి కానుకలిచ్చారు. అప్పట్లో కొండ మీది గుడికి కొండంత అండ ఈ కోట.

ఇప్పుడు అంతా తిరగబడింది. ఆ గుడి నీడలో ఈ కోట ఎవరికీ కనబడటం లేదు.

చెనిక్కాయ పోయి మామిడి వచ్చె

కోట నుంచి బయటపడి చిత్తూరు దారి పడితే రెండో కథ మొదలవుతుంది. పాకాల, దామలచెరువు, పూతలపట్టు, బంగారుపాళ్యం... ఎటు చూసినా మామిడే. ఇదంతా ఎప్పట్నుంచో ఉన్నదనుకుంటే పొరపాటు. ఒకప్పుడు ఇక్కడి మెట్ట చేలల్లో చెనిక్కాయే దిక్కు. వాన వస్తే పంట, రాకుంటే అప్పు. వరసగా కరవులొచ్చి, బోర్లు ఎండిపోయి విసిగిన రైతులు చేలల్లో మామిడి అంట్లు నాటారు. మొదటి నాలుగైదేళ్లు నీళ్లు మోసి బతికిస్తే చాలు, తర్వాత చెట్టే మనల్ని చూసుకుంటుందన్న ఆశ.

చెట్టు మాట తప్పలేదు. డిసెంబరు, జనవరి వచ్చేసరికి పూత. అప్పట్నుంచి రైతు కంటికి కునుకుండదు. మబ్బు పడితే భయం, మంచు కురిస్తే భయం, తేనెమంచు పురుగు వస్తే భయం. పిందె నిలిచాక గాలివానంటే భయం. మే నెలలో బేనీషా పండుతుంది. బంగినపల్లిని ఇక్కడ అలాగే పిలుస్తారు. జూన్, జూలైల్లో తోతాపురి. చిలక ముక్కులా కొసదేరిన ఈ కాయదే ఇక్కడ రాజ్యం. దామలచెరువు మండీల్లో సీజన్లో అడుగు పెట్టే చోటుండదు. కాయల గుట్టలు, గడ్డి పరిచిన లారీలు, వేలం పాటలు.

కోసుకుని తినడానికి బేనీషా అయితే, గుజ్జుకు తోతాపురి. చిత్తూరు చుట్టుపక్కల ఉన్నన్ని మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు దేశంలో మరెక్కడా ఒకేచోట లేవు. కాయను మాగబెట్టి, కడిగి, తొక్కా టెంకా తీసి, గుజ్జును వేడిచేసి, గాలి చొరని సంచుల్లో నింపి డ్రమ్ములకెక్కిస్తారు. ఒక్కో డ్రమ్ము రెండువందల కిలోల పైమాటే. అవి ఓడలెక్కి గల్ఫ్ దేశాలకూ, ఐరోపాకూ వెళ్తాయి. అక్కడ ఎవరో ఎండాకాలం చల్లగా మామిడి రసం తాగుతారు. తాగేవాడికి డబ్బా మీద కంపెనీ పేరు కనబడుతుంది. ఊరి పేరు కనబడదు.

కాయ ఉంది... కొనేవాడు లేడు

ఊరు పేరు లేని సరుకుతో వచ్చే చిక్కేంటో 2025 వేసవిలో అందరికీ తెలిసొచ్చింది. ఆ ఏడు చెట్లు విరగగాశాయి. కానీ ఫ్యాక్టరీల గోదాముల్లో అంతకుముందు ఏడాది గుజ్జు అమ్ముడుపోకుండా ఉండిపోయింది. కొనుగోళ్లు మందగించాయి. కాయలతో నిండిన ట్రాక్టర్లు ఫ్యాక్టరీల గేట్ల ముందు రోజుల తరబడి బారులు తీరాయి. ర్యాంపుల దగ్గర, అంటే కాయలు కొని లారీలకెక్కించే చోట్ల, కిలోకు ఐదు రూపాయలు కూడా పలకని రోజులున్నాయి. కోత కూలీ, ట్రాక్టరు బాడుగ పోను చేతికేం మిగలదని తెలిసి కొందరు కాయల్ని చెట్టుకే వదిలేశారు. కొందరు తెచ్చి రోడ్డు మీద పారబోశారు. ఫ్యాక్టరీలు కిలోకు ఎనిమిది రూపాయలివ్వాలనీ, పైన నాలుగు రూపాయలు తాము కలుపుతామనీ ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది.

మామిడికాయ కోసాక ఆగదు. వైన్ లాగా ఏళ్ల తరబడి నేలమాళిగలో పెట్టి ధర పెంచుకునే వీల్లేదు. వారం తిరిగేలోగా ఎవరో ఒకరు కొనాలి. ఆ కొనేవాడు ఒక్కడే అయినప్పుడు, అతను చెప్పిందే ధర. అదీ అసలు కష్టం.

పేరు విలువ తెలియని చోటా ఇది?

పేరుకు ఎంత విలువుందో ఈ ప్రాంతానికి ఎవరూ నేర్పక్కర్లేదు. తిరుపతి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో ఇంకెవరూ లడ్డూ అమ్మడానికి లేదు. పక్కనే శ్రీకాళహస్తి కలంకారీకి అంతకంటే ముందే దక్కింది. కర్నూలు వైపు వెళ్తే బంగినపల్లి మామిడికి 2017లో వచ్చింది. ఊరి పేరే పండు పేరైన ఘనత దానిది.

చంద్రగిరికి రాజమహల్ చూడ్డానికి వచ్చిన కుటుంబం గేటు బయట ఏం కొంటోంది? చిప్స్ పొట్లం, కూల్‌డ్రింకు. ఆ కూల్‌డ్రింకు మామిడిదే అయినా, అందులోని గుజ్జు పది మైళ్ల దూరంలోని తోటదే కావొచ్చని కొన్నవాళ్లకు తెలియదు. అమ్మినవాళ్లూ చెప్పరు. సీజన్లో ఆ గేటు ముందే నాలుగు బేనీషా పళ్ల బుట్టలుంటే? మిగతా రోజుల్లో కోట బొమ్మ ముద్రించిన కాగితంలో చుట్టిన మామిడి తాండ్ర ఉంటే? కోట చూశాక దగ్గర్లోని తోటలో చెట్టు కింద కూర్చుని సంగటి, ఊరిబిండి తిని, కాయ తామే కోసుకునే ఏర్పాటుంటే?

అలాగని నాలుగు బుట్టలతో లక్షల టన్నుల తోతాపురి కష్టం తీరిపోతుందనుకోవడం అత్యాశే. రోడ్డు పక్క అమ్మకం ఫ్యాక్టరీ కొనుగోలుకు సాటిరాదు. శాన్ జిమిన్యానోకూ ఒక్కరోజులో పేరు రాలేదు. కానీ అక్కడి రైతు పంట ఎక్కడ అమ్మినా దాంతోపాటు ఊరి కథ వెళ్తుంది. చిత్తూరు రైతు పంట వెళ్తుంది, కథ ఇంట్లోనే ఉండిపోతుంది. తిరుమలకు వచ్చే అరవై డెబ్భై వేల మందిలో నూటికి ఒక్కరు చంద్రగిరిలో బస్సు దిగినా రోజుకు ఆరేడు వందల మంది. రైతుకు అది రెండో కొనుగోలుదారు. కోటకు అది కొత్త ఊపిరి. చూసేవాళ్లుంటేనే ఏ కట్టడాన్నయినా బాగుచేయాలన్న పట్టుదల ఎవరికైనా వస్తుంది.

ఒకప్పుడు తిరుమలలో గంట మోగితే చంద్రగిరిలో విస్తళ్లు వేసేవారట. అంత దగ్గర ఈ రెండు ఊళ్లూ. ఈసారి కాణిపాకం బస్సెక్కినప్పుడు, ''ఇదేం ఊరు స్వామీ?'' అని అడిగి ఊరుకోకుండా దిగి చూడండి. తిరిగి వెళ్లేటప్పుడు లడ్డూల సంచీలో రెండు బేనీషాలకు చోటుంచండి. ఇంటికెళ్లాక ఎవరైనా ఎక్కడివని అడిగితే చంద్రగిరివని చెప్పండి.

వెళ్లాలంటే...

చంద్రగిరి ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. తిరుపతి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. బస్సులు, ఆటోలు దొరుకుతాయి. తిరుపతి-పాకాల-కాట్పాడి రైలు మార్గంలో స్టేషన్ కూడా ఉంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు. కోట తిరగడానికి ఉదయం పూట మంచిది. దారిలోనే శ్రీనివాస మంగాపురంలో కల్యాణ వేంకటేశ్వరస్వామి ఆలయం చూడొచ్చు. బేనీషా కావాలంటే మే నెలలో, తోతాపురి సందడి చూడాలంటే జూన్, జూలైల్లో వెళ్లాలి. అప్పుడు దామలచెరువు మండీ దాకా వెళ్లొస్తే ప్రయాణం నిండుగా ఉంటుంది.